పట్టీ కింద మాట

ముసఫ్ఫా,
అబుదాబి,
10-3-2006

చెల్లెలు సైదున్నీసాకు,

అన్న ఇమామ్ హుస్సేన్ దీవెనలు. నాకు ఒంట్లో బాగుంది. మీకూ బాగుండాలి.

నాకు ఎక్కువ రాయడం రాదు. అయిదో తరగతితో ఆగిన చేయి. ఒక ఉత్తరానికి ఒక శుక్రవారం పోతుంది. కాబట్టి అసలు సంగతికి వస్తాను.

నా వీసా జూన్ ఇరవైతో అయిపోతుంది. ఇంకో మూడేండ్లకు కొట్టించాలా, రద్దు చేసి ఇంటికి పంపాలా అని మా షెడ్డు ముదీర్, అంటే మేనేజరు, అడుగుతున్నాడు. మే నెలాఖరులోగా చెప్పమన్నాడు. ఈ మాట మీ వదినను అడిగి రాయమని నీకు మూడు ఉత్తరాలు వేశాను. మూడింటికీ ‘వదిన నీ ఇష్టం అంటోంది’ అని రాశావు. నా ఇష్టం నాకు తెలిస్తే అడుగుతానా?

ఫోన్ చేయలేదని నిష్ఠూరం వద్దు. నా చెవుల సంగతి నీకొక్కదానికే రాశాను. ఇరవై రెండేండ్లు లారీ బాడీలకు రేకు కొట్టాను. ఇప్పుడు సుత్తి దెబ్బ చేతికి తెలుస్తుంది, చెవికి తెలియదు. మీ వదిన ఫోన్‌లో ఏమి చెప్పినా ‘ఆఁ, సరే’ అంటూ ఒక ఏడాది నెట్టుకొచ్చాను. పోయిన రంజానుకు వాళ్ల చిన్నాయన చనిపోయాడని చెప్తే ‘మంచిది, అట్లే కానీ’ అన్నానట. అప్పటినుంచి మానేశాను. ఆమెకు చెప్పవద్దు. నేను ఉత్తరంలో చెవుల గురించి రాసిన చోట చదవకుండా దాటెయ్యి.

ఆమెను కూర్చోబెట్టి అడుగు. ఒక్క మాట చాలు. రమ్మంటుందా, ఉండమంటుందా?

అన్న,
ఇమామ్ హుస్సేన్

*

చింతకుంటపల్లె,
25-3-2006

అన్నకు చెల్లెలు సైదున్నీసా సలాములు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఇక్కడ అప్పుడే ఎండలు పొయ్యిలో తల పెట్టినట్టున్నాయి. కరెంటు పగలు ఉండదు, ఉన్నప్పుడు ఫ్యాను తిరగదు. వదిన నల్లమేక మూడు పిల్లలను ఈనింది. మూడూ ఆడవే. ఆమె అదృష్టం చూసి పక్కింటి మస్తానమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

నువ్వు చెప్పినట్టే వదినను కూర్చోబెట్టాను. కూర్చోబెట్టడమేమిటి, ఆమె రొట్టెలు కాలుస్తోంది, నేనే పక్కన కూర్చున్నాను. ఉత్తరం చదివాను. చెవుల సంగతి దాటేశాను, భయపడకు.

“ఏం రాయమంటావు వదినా?” అన్నాను.

“నువ్వు రాయొద్దులే. ఈసారి నేనే చెప్తా” అంది.

“ఫోన్‌లోనా?”

“ఫోన్ దేనికి? మనిషి ఎదురుగా కూర్చోని చెప్తా.”

“దుబాయికి పోతావా ఏంది, పెనం ఎత్తుకొని?” అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

మరుసటి దినం పొద్దున్నే పెట్టెలోని జరీ చీర కట్టింది. రాయచోటిలో స్టూడియో పెట్టుకున్న దేవదానం ఉన్నాడు చూడు, మన రేషను కార్డులకు ఫోటోలు తీసినవాడు, అతని దగ్గరికి పోయి వీడియో తీయించుకుంటానంది. నేనూ వస్తానన్నాను. “నీకేం పని? మేకలకు ఆకు వెయ్యి” అంది. అన్నా, నేను ఏడో తరగతి చదివినదాన్ని. ఈ ఇంట్లో వచ్చిన ఉత్తరం, పోయిన ఉత్తరం అన్నీ నా చేతి మీదుగా నడిచాయి. నన్ను మేకలకు ఆకు వెయ్యమంది.

సాయంత్రం బస్సుకు దిగింది. కొంగులో సీడీ.

“ఏం చెప్పినావు వదినా?”

“నీకు చెప్పేదైతే రాయచోటికి ఎందుకు పోతా? చార్జీలు దండగ కదా!”

పై వీధి షఫీ సెలవు అయిపోయి అబుదాబి వస్తున్నాడు. అతని చేతికి సీడీ, పండుమిరపకాయల తొక్కు డబ్బా ఇచ్చాము. లోపల ఏముందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. నువ్వు చూసి నాకు రాయి.

చెల్లెలు,
సైదున్నీసా

*

ముసఫ్ఫా,
14-4-2006

సైదూ,

దీవెనలు. షఫీ వచ్చాడు. తొక్కు డబ్బా మూత ఊడి అతని చొక్కాల మీద కారింది. అతను చాలా మర్యాదస్తుడు. ఏమీ అనలేదు. ఏమన్నా నాకు వినపడదు కూడా.

నీ మీద నాకు కోపంగా ఉంది. కారణం చెప్తాను.

మా గదిలో ఎనిమిది మందిమి. టీవీ, సీడీ ప్లేయరు అర్షద్‌వి. అతను పెషావర్ వైపు మనిషి. అందరి ముందర ఇంటి ఆడమనిషి బొమ్మ ఎట్లా పెడతాను? వాళ్లు శుక్రవారం నమాజు ముగించుకుని బనియాస్ బజారుకు పోయిందాకా ఆగి, తలుపు వేసుకుని పెట్టాను.

మీ వదిన కనిపించింది. నీలం పరదా ముందు, ప్లాస్టిక్ కుర్చీలో. పెదవులు కదులుతున్నాయి. కింద పసుపుపచ్చ తెలుగు అక్షరాలు వస్తున్నాయి, పరాయి భాష సినిమాలకు వేస్తారే అట్లా. ఆమె మాట్లాడిందంతా దేవదానం అక్షరాల్లో పెట్టాడు. ఎందుకు పెట్టాడు? నాకు వినపడదని ఆమెకు ఎవరు చెప్పారు? నీకు తప్ప ఇంటి దగ్గర ఎవరికీ తెలియదు. చెప్పవద్దని ఎన్నిసార్లు రాశాను?

సరే, అది పోనీ. ఆ అక్షరాలు చదవడం నా వల్ల కాలేదు. నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి. ‘ఏమయ్యా’ అన్న మాట పట్టుకునేసరికి ఆ వరుస పోయి ఇంకో వరుస వచ్చింది. స్టాపులో ఆగకుండా పోయే బస్సు నంబరు చదివినట్టుంది. ఆపి చదువుదామని రిమోట్ మీద ఆపే బటన్ నొక్కాను. బొమ్మ ఆగింది. కాని కింద నల్లటి పట్టీ ఒకటి లేచింది. దాని మీద నడిపే గుర్తు, ఆపే గుర్తు, వెనక్కు, ముందుకు, ఎన్ని నిమిషాలయిందీ అంతా ఉంది. అది సరిగ్గా అక్షరాల మీద కూర్చుంది.

పట్టీ పోవాలంటే బొమ్మను నడపాలి. నడిపితే అక్షరాలు పోతాయి. వెనక్కు తిప్పితే మళ్ళీ పట్టీ లేస్తుంది. అయిదు లెక్కపెట్టేదాకా దిగదు. అది దిగేలోగా వరుస మారిపోతుంది. పట్టీ సగం దిగినప్పుడు తలకట్లు కనిపిస్తాయి. తలకట్లు చూసి ఏమి చదివేది? చెమటలు కారాయి. రేకు కొట్టడం నయం.

దేవదానం ఒక్కోసారి రెండు వరుసలు వేశాడు. అప్పుడు పై వరుస పట్టీకి పైన ఉంటుంది. అది ఒక్కటి చదవగలిగాను. ఒక చోట ఇట్లా ఉంది:

‘ఇంకో మూడేండ్లు అక్కడే ఉండమని’

దాని కింద వరుస పట్టీ మింగింది. అయినా ఇంకేముంటుంది? ఉండమంటోంది. నేను అనుకున్నది వేరు. దానికేముంది, అడిగాను, చెప్పింది. సరే, ఉంటానని చెప్పు.

పట్టీ సంగతి కూడా ఆమెకు చదివి చెప్పు. మొత్తం చూడలేదని తెలియాలి.

అన్న,
ఇమామ్ హుస్సేన్

*

చింతకుంటపల్లె,
29-4-2006

అన్నకు సలాములు.

ముందు నా మీద వేసిన నింద గురించి. నేను చెప్పలేదు. ఖురాను మీద చేయి పెట్టి చెప్తాను. నాకు నోరు ఎక్కువని ఊరు అంటుంది, నువ్వూ అంటావు. కాని నువ్వు వద్దన్న మాట నా నోటి నుంచి రాలేదు. ఆమెకు ఎట్లా తెలిసిందో ఆమెనే అడుగు.

నీ ఉత్తరం వదినకు చదివాను. ‘సరే, ఉంటానని చెప్పు’ అన్నచోట ఆమె చేతిలోని చేట ఆగింది.

“ఆయన సీడీ చూసినాడా?” అంది.

“చూసినాడంట.”

“చూసి ఇదా చెప్పేది?”

అంతే. లేచి పోయి మేకల దొడ్డిలో కూర్చుంది. రాత్రికి అన్నం తినలేదు. పొద్దున అడిగితే, “చెప్పింది చెవిన పెట్టనోడు ఉంటాడు, కండ్ల ముందర పెట్టినా చూడనోణ్ణి ఇప్పుడే చూస్తా ఉండా” అంది. ఆమె కోపం ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఉండమన్నది ఆమే అయితే నువ్వు సరే అన్నావు కదా! ఆమె మాటకు నువ్వు మర్యాద ఇచ్చినట్టే కదా!

ఆ పట్టీ గోల ఆమెకు చదవలేదు. నాకే సగం అర్థమైంది, ఆమెకు ఏమని చెప్పేది? సీడీ అంటే ఏమిటో మొన్నటిదాకా తెలియని మనిషి. దాటేశాను.

అన్నా, ఒక మాట చెప్తాను. ఆమె ఉండమన్నాక ఇంక ఆలోచన దేనికి? ముదీర్‌కు చెప్పెయ్యి. అక్కడ నీకు పని ఉంది, నిన్ను ఉస్తాద్ అని పిలిచేవాళ్లున్నారు. ఇక్కడికి వచ్చి ఏం చేస్తావు? ఆడవాళ్ల కోపం నాలుగు దినాలుంటుంది, పోతుంది.

మస్తానమ్మ కూతురికి మదనపల్లెలో సంబంధం కుదిరింది. అబ్బాయి పొడుగు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

చెల్లెలు,
సైదున్నీసా

*

ముసఫ్ఫా,
12-5-2006

సైదూ,

నేను రాసింది రాసినట్టు ఎందుకు చదవవు? పట్టీ సంగతి దాటేయమని ఎవరు చెప్పారు? చెవుల సంగతి ఒక్కటే దాటేయమన్నాను. నీకు దాటడం అలవాటైపోయింది. నేను చూడలేదు, సగమే చదివాను అని ఆమెకు ఈ రోజే చెప్పు. ఇది చదివిన వెంటనే లేచి పోయి చెప్పు.

నాలుగు శుక్రవారాలు ఆ పట్టీతో పోరాడాను. బనియాస్‌లో ఒక రిపేరు అంగడికి ప్లేయరును మోసుకుపోయాను. పట్టీ తీసేయమని చేతులతో చూపించాను. అతను మూత విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగించి ఇచ్చాడు. పట్టీ ఇంకా నల్లగా వచ్చింది. కొత్త ప్లేయరు కొనమని చూపించాడు. సీడీ పెట్టి చూశాను. దానిలో పట్టీ ఇంకా వెడల్పు. రెండు వరుసలూ మింగుతుంది. ఈ యంత్రాలు చేసేవాళ్లు ఒక్కసారయినా కింద ఉన్న అక్షరాలు చదువుకున్నారా అని నా అనుమానం. ఆపేవాడు ఎందుకు ఆపుతాడు? చదవడానికే కదా!

ఇప్పటికి పట్టుకున్న పై వరుసలు ఇవి:

‘నీ చెవుల సంగతి’
‘ఇంకో మూడేండ్లు అక్కడే ఉండమని’
‘ఆమెను తిట్టొద్దు’
‘మేకలన్నీ అమ్మేసి’

దీనికి తలా తోకా లేదు. ఎవరిని తిట్టవద్దంటోంది? నేను ఎవరిని తిట్టాను? మేకలు ఎందుకు అమ్ముతుంది? ఇంట్లో ఏదైనా కష్టం ఉంటే నాకు రాయకుండా దాచారా? మేకలు అమ్మవద్దని చెప్పు.

దేవదానం దగ్గరికి నువ్వే పో. అక్షరాలు పైకి జరిపి ఇంకో సీడీ చేయమను. లేదా ఆమె చెప్పింది కాగితం మీద రాసి ఇమ్మను. అంతకంటే సులువు ఏముంది?

మా క్యాంపులో తెలుగు చదివేవాడు ఇంకొకడున్నాడు. త్రిమూర్తులు. కోనసీమ మనిషి. మేము చేసిన లారీ బాడీల మీద కంపెనీ పేర్లు పెయింటుతో రాస్తాడు. నాకు వినపడదు కాబట్టి అట్టముక్క మీద పెన్సిలుతో రాసి మాట్లాడతాడు. నేను ప్లేయరు మోసుకుపోవడం చూసి, ‘బాబాయ్ గారూ, నేను చదివి పెట్టనాండీ?’ అని రాశాడు. వద్దని తల ఊపాను. మొగుడికి పెళ్లాం చెప్పిన మాట పరాయివాడు ఎట్లా చదువుతాడు? అందులో ఏముందో నాకే తెలియదు.

ముదీర్ మళ్ళీ అడిగాడు. వేళ్లతో మూడు చూపించి, ఊఁ అన్నట్టు తల ఊపాడు. నేనూ ఊపాను. ముప్పైన పాస్‌పోర్టు ఇవ్వాలి.

అన్న,
ఇమామ్ హుస్సేన్

*

చింతకుంటపల్లె,
24-5-2006

అన్నకు సలాములు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ముప్పై ఏండ్లలో నువ్వు నన్ను ఇంత గట్టిగా మాట్లాడింది లేదు.

దేవదానం దగ్గరికి పోయాను. రెండు బస్సులు మారి, ఎండలో. అతను కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, సంగతి మాత్రం చెప్పలేదు. “అమ్మా, పెండ్లి వీడియో అయితే ఊరందరికీ చూపిస్తా. ఇది ఆమె సొంత మాట. ఆమె వచ్చి చెప్తే పైకి జరుపుతా, పక్కకు జరుపుతా. మీకు మాత్రం చూపించను” అన్నాడు. ఏమి పొగరు! పైగా నవ్వుతూ అన్నాడు.

వదినను రమ్మంటే రాదు. నువ్వు సగమే చదివావని చెప్పాను. నమ్మలేదు. “నీ నోటితో చెప్తే నేను నమ్మల్నా?” అంది. అన్నా, ఈ మాట ఎందుకు అంటోందో నాకు తెలియదు. మేకల బేరగాడు రెండుసార్లు వచ్చి పోయాడు. ఎందుకమ్ముతున్నావంటే “టికెట్‌కు” అంటుంది. ఏ టికెట్ అంటే చెప్పదు. మతి చెడిందేమోనని నాకు భయంగా ఉంది.

‘ఆమెను తిట్టొద్దు’ అన్నది ఎవరి గురించో నాకేం తెలుసు? నన్నెందుకు అడుగుతావు?

సరే. నువ్వు అడగకపోయినా ఒకటి చెప్తాను. నాయన చెవులు పోయినాక తొమ్మిదేండ్లు బతికాడు. ఆ తొమ్మిదేండ్లు పంచలో ఒక మూల గోడకు తిరిగి కూర్చున్నాడు. పిల్లలు వెనక నుంచి ‘చెవిటి సాయిబూ’ అని అరిచి పరుగెత్తేవాళ్లు. వినపడేది కాదు కాని వాళ్లు నవ్వుతున్నారని ఆయనకు తెలిసేది. పెండ్లికి పిలిచినా పోడు, మసీదుకూ పోవడం మానేశాడు. అన్నం పెట్టిన దానిని నేను. నువ్వు అక్కడ ఉన్నావు, చూడలేదు. నువ్వు నాయన కంటే సిగ్గరివి. ఈ ఊరు నిన్ను ఏమంటుందో నాకు తెలుసు. నువ్వు ఏ మూల కూర్చుంటావో కూడా తెలుసు.

అందుకే చెప్తున్నాను, ఉండు. ముదీర్‌కు పాస్‌పోర్టు ఇచ్చెయ్యి.

చెల్లెలు,
సైదున్నీసా

*

ముసఫ్ఫా,
2-6-2006

సైదూ,

ఈ ఉత్తరం మీ వదిన ఎదురుగా కూర్చుని చదువు. మొదటి నుంచి చివరిదాకా చదువు. ఒక్క ముక్క కూడా దాటవద్దు. నీ గురించి ఉన్న ముక్కలు కూడా చదవాలి. దాటితే నాకు తెలుస్తుంది. ఎట్లా తెలుస్తుందో తర్వాత అర్థమవుతుంది.

ముప్పయ్యో తారీఖు ముదీర్‌కు పాస్‌పోర్టు ఇచ్చాను. వచ్చి మంచం మీద కూర్చున్నాను. నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండుసార్లు చదివాను. నాయన సంగతి రాసిన చోట ఆగిపోయాను. నువ్వు ఇంత రాస్తావు, ఈ మాట ఇన్నేండ్లు ఎందుకు రాయలేదని ఆలోచించాను. మీ వదిన నీ నోటితో చెప్తే నమ్మనన్న మాట కూడా నన్ను పట్టుకుంది. పోయి త్రిమూర్తులును పిలిచాను.

పిలిచానే కాని తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. అతను నా ముఖం చూశాడు. అట్టముక్క మీద ‘అమ్మగారిని నేను చూడనండీ’ అని రాశాడు. లారీ అద్దాలకు రంగు అంటకుండా కాగితం అంటిస్తారు. ఆ కాగితం తెచ్చి టీవీ అద్దానికి పైనంతా అంటించాడు. కింద జానెడు ఖాళీ వదిలాడు. అక్షరాలు తప్ప ఏమీ కనిపించలేదు. నేను బయట ఎండలో నిలబడ్డాను. అతను ఆపే బటన్ ముట్టుకోలేదు. నడిపిస్తూనే రాసుకున్నాడు. వరుస తప్పితే మొదటి నుంచి మళ్ళీ నడిపాడు. మూడుసార్లు నడిపాడు. రెండు కాగితాలు మడిచి నా జేబులో పెట్టి, అట్టముక్క చూపించాడు: ‘రాశానండీ. చదవలేదండీ.’

మంచి మనిషి.

అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నువ్వు గట్టిగా చదువు. ఆమె చెప్పిందే కాబట్టి ఆమె సరిచూస్తుంది. ఇప్పుడు అర్థమైందా, ఎట్లా తెలుస్తుందో?

‘ఏమయ్యా, ఈడ కుర్చీలో కూర్చోబెట్టినారు. యాడ చూసేదో తెలీదు, అద్దంలోకి చూడమంటాడు.

నీ చెవుల సంగతి
నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు.

నాకు చదవను రాకపోయినా నీ ఉత్తరాలన్నీ నా పెట్టెలో ఉండాయి. అన్నీ ఎత్తుకొచ్చి దేవదానంతో చదివించుకున్నా. సైదు చదివినప్పుడు లేని మాటలు చానా ఉండాయి వాటిలో.

ఇంకో మూడేండ్లు అక్కడే ఉండమని
సైదు అంటాది. నేను అనలేదు.

నువ్వు అడిగిన మూడుసార్లూ రమ్మనే చెప్పినా. నీ ఇష్టం అని నేను ఎప్పుడన్నా అనినానా? ముప్పై ఏండ్లు కాపురం చేసినావు, నేను అట్లా అనే మనిషినా? నీకన్నా తెలియొద్దా?

ఆమెను తిట్టొద్దు.
మీ నాయనను చూసి భయపడింది.

నీకు సిగ్గు. చెవిటోడంటారని రావు. అనేవాళ్లు అంటారు. నాకు పండ్లు ఊడినాయి, బోసినోరు అంటారు. నేను ఊరు వదిలి పోయినానా?

మేకలన్నీ అమ్మేసి
టికెట్ కొని నేనే వస్తా, నువ్వు రాకపోతే.

ఇంక చాలు దేవదానం, ఆపు.’

చివరి మాట కూడా దేవదానం అక్షరాల్లో పెట్టాడు.

సైదూ, ఆమె తిట్టవద్దంది కాబట్టి తిట్టడం లేదు. లేకుంటే తిట్టేవాణ్ణి. నువ్వు నా మంచికే చేశావు. కాని నా ఇంటి మాట నువ్వు మార్చావు. ఆమె రమ్మని చెప్తే నువ్వు నీ ఇష్టం అని రాశావు. నేను ఆ కాగితం పట్టుకుని, రమ్మనలేదే, నా మీద ఇష్టం పోయిందేమో అని ఇన్ని నెలలు అనుకున్నాను. ఆ పట్టీని ఎన్ని తిట్లు తిట్టానో. అదైనా అయిదు లెక్కపెట్టాక దిగేది. నాయనకు అన్నం పెట్టినదానివి. ఇంతకంటే రాయలేను.

ఈ రోజు పొద్దున త్రిమూర్తులును వెంటబెట్టుకుని ముదీర్ గది దగ్గరికి పోయాను. శుక్రవారం కాబట్టి మనుషులు లేరు, ఆయన ఒక్కడే ఉన్నాడు. రద్దు చేయమని చెప్పించాను. ఆయన చేతులు పైకెత్తి చాలాసేపు అరిచాడు. త్రిమూర్తులు అట్ట మీద ఒక్క ముక్కే రాశాడు: ‘తిడుతున్నారండీ.’ కాగితాలు ఇంకా టైపింగుకు పోలేదు. పాస్‌పోర్టు బల్ల సొరుగులోనే ఉంది. ఆఖరుకు ఆయన ‘ఖలాస్’ అన్నాడు. అది పెదవులు చూసి నేనే తెలుసుకున్నాను. జూన్ పద్దెనిమిదికి టికెట్.

ఇక్కడి నుంచి మీ వదినకు. వాకిట్లో ఎవరున్నా చదువు. మస్తానమ్మ ఉన్నా చదువు.

సర్దార్, నేను వస్తున్నాను. మేకలు అమ్మవద్దు. చెవులు వినపడవు. ఇంటికి వచ్చినా వినపడవు. నువ్వు చెప్పింది మూడోసారికి కాని అర్థం కాకపోవచ్చు. విసుక్కోవద్దు. విసుక్కున్నా ఫరవాలేదు. సీడీలో నువ్వు బాగున్నావు. అక్షరాలు చదవలేక కోపం వచ్చిందే కాని, ఆపినప్పుడల్లా నువ్వు కనిపించావు. నల్లటి పట్టీ మెడ దాకా రాలేదు.

ఇమామ్ హుస్సేన్

*

చింతకుంటపల్లె,
13-6-2006

అన్నా,

చదివాను. ఒక్క ముక్క దాటలేదు. వాకిట్లో మస్తానమ్మ ఉంది, ఆమె కోడలు ఉంది, గాజులమ్మే ఆమె కూడా బుట్ట దించి కూర్చుంది. నా గురించి రాసిన చోట ఆగాను. వదిన చెంబుతో నీళ్లిచ్చి, “ఊఁ, చదువు” అంది. చదివాను.

సీడీలో నువ్వు బాగున్నావు అన్న చోట గాజులామె కిసుక్కుమంది. వదిన ఆమె వైపు చూసిన చూపుకు బుట్ట ఎత్తుకుని పోయింది.

నేను చేసింది తప్పు. తప్పని అప్పుడూ తెలుసు. నువ్వు మూలన కూర్చుంటే నేను చూడలేనని చేశాను. ఇప్పుడు చూడాల్సి వస్తే చూస్తాను.

నువ్వు బయలుదేరేలోగా అందకపోయినా సరే, జవాబు రాయమని వదిన నన్నే కూర్చోబెట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టు కింద రాస్తున్నాను. రాసినాక రాయచోటికి ఇద్దరమూ పోయి దేవదానంతో చదివించుకోవాలంట. అప్పటిదాకా కవరు అంటించకూడదంట. నాకు ఇది కావాల్సిందే.

వదిన మాట:

“రా. గట్టిగా మాట్లాడడం నాకు చేతనవును. ఊరంతా వినపడితే విననీ.”

చెల్లెలు,
సైదున్నీసా

పై మూడు ముక్కలు సర్దార్ బీ గారికి చదివి వినిపించాను. ఆమె చెప్పినవేనని వేలిముద్ర వేశారు.
దేవదానం, ఫోటో స్టూడియో, రాయచోటి